మధ్యాహ్నం రెండు గంటల నీడ

ఎడారిలో కట్టిన కాలేజీని చూడాలంటే వైశాఖంలో చూడాలి, అదీ మధ్యాహ్నం రెండు గంటలప్పుడు. చలికాలంలో వెళితే రాజస్థాన్‌లో ఏ కట్టడమైనా బాగానే ఉంటుంది. నాలుగు వైపులా అద్దాలు బిగించిన భవనం కూడా బాగానే ఉంటుంది. పొద్దు నడినెత్తి దాటి పడమటికి ఒరిగి, గోడలు పొద్దుటి నుంచి తాగిన వేడిని తిరిగి వదిలే వేళ పిల్లలు ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు ఏ దారిన నడుస్తున్నారు, క్యారియర్ విప్పుకుని ఎక్కడ కూర్చుంటున్నారు, ఊరికే నిలబడి మాట్లాడుకోవడానికి ఏ మూల వెతుక్కుంటున్నారు అన్నది చూస్తే, కట్టినవాళ్ళకు ఆ నేల ఎంత తెలుసో బయటపడుతుంది. అందుకే కావాలనే ఎండల్లో బయల్దేరాను. జైపూర్‌లో మొదలుపెట్టి జైసల్మేర్ దాటి ఇసుక తిన్నెల అంచు దాకా వెళ్ళాలని.

మాది అనంతపురం. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది, జైసల్మేర్‌కు 200 పడితే గొప్ప. ఆ లెక్కన మాది ఎడారి కాదు. కానీ కరువు వరసలో మా ముందు నిలబడినవాళ్ళు ఎలా బతుకుతున్నారో చూడాలన్న కోరిక మాత్రం ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు మా వైపు కొత్త క్యాంపస్‌లు లేస్తున్నాయి. అవి ఎలా ఉండాలన్న ఆలోచనే నన్ను ఈ దారి పట్టించింది.

జైపూర్ నుంచి ఢిల్లీ రోడ్డు ఎక్కితే ముందు ఆమేర్ వస్తుంది. కోట కింద ఊళ్ళో పన్నా మీనా మెట్లబావి ఉంది. పసుపు గోడల మధ్య మెట్లు ఎదురెదురుగా ముక్కోణాలై కిందికి దిగుతుంటాయి. జనం ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. ఒడ్డున కాసేపు కూర్చుంటే తప్ప ఆ బావి చేసే పని అర్థం కాదు. నాలుగైదు మీటర్ల లోతున నేల ఎండాకాలమని, చలికాలమని పెద్దగా తేడా చూపదు. ఏడాది పొడుగునా సగటు వేడి దగ్గరే ఉంటుంది. బరువైన చల్లగాలి పల్లంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. ఎండుగాలి నీటిని తాకితే కొంత నీరు ఆవిరవుతుంది, ఆ ఆవిరి కావడానికి కావలసిన వేడిని గాలిలోంచే లాక్కుంటుంది. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు కాసేపు సేదదీరి వెళ్ళడానికి ఈ ఏర్పాటంతా చాలు. మెట్లబావి నీటివసతి అని పుస్తకాల్లో రాస్తారు. అది ఊరి రచ్చబండ కూడా.

ఆ రోడ్డు మీదే ఇంకాస్త ముందుకు వెళితే కూకస్ పారిశ్రామికవాడ. షెడ్లు, గోదాములు, దుమ్ము. వాటి మధ్య పర్ల్ అకాడమీ అనే ఫ్యాషన్ కాలేజీ ఉంది. ఢిల్లీకి చెందిన మార్ఫోజెనెసిస్ సంస్థ, అంటే మనీత్ రస్తోగీ, సోనాలీ రస్తోగీ దంపతుల కార్యాలయం రూపకల్పన చేసింది. 2008లో పూర్తయింది. మరుసటి ఏడాది బార్సిలోనాలో జరిగిన ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవంలో విద్యాభవనాల విభాగంలో బహుమతి గెలుచుకుంది. బయటి నుంచి చూస్తే బహుమతి కట్టడంలా అనిపించదు. పొడుగాటి పెట్టె, చుట్టూ జాలీ తెర. ఆ జాలీ గోడకు అంటుకుని లేదు. నాలుగడుగుల దూరంలో, భవనానికి రెండో చర్మంలా నిలబడి ఉంది. ఎండ ముందు జాలీని కాలుస్తుంది. జాలీ వెనకాల సందులో గాలి ఆడుతుంది. లోపలి గోడకు అందేది వెలుగే, మంట కాదు. ఏ దిక్కున కన్నాలు ఎంత ఒత్తుగా ఉండాలో కంప్యూటర్ మీద నీడల లెక్క వేసి తేల్చారట. ఆ పనిని పాత హవేలీల శిల్పులు కంటితో చేశారు.

అయితే ఈ కట్టడం ప్రాణం జాలీలో లేదు, కింద ఉంది. భవనాన్ని స్తంభాల మీద లేపి, దాని కింద నేలను నాలుగు మీటర్ల లోతు తవ్వారు. ఆ పల్లంలో వంపులు తిరిగిన మడుగు. నీళ్ళు కొత్తవి కావు, కాలేజీ మురుగునీటినే శుద్ధి చేసి నింపుతారు. పైన ఉన్న భవనమే దానికి గొడుగు. మెట్లు దిగి అక్కడికి వెళ్ళగానే భుజాల మీది బరువు దింపినట్టయింది. బయట 47 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 27 నుంచి 29 మధ్య ఉంటుందని రూపకర్తలు చెప్పే లెక్క. నా దగ్గర థర్మామీటర్ లేదు. నేను చూసింది మనుషులను. బట్టల ముక్కలు పరుచుకుని కత్తిరించుకుంటున్నవాళ్ళు, మెట్ల మీద వాలి చదువుకుంటున్నవాళ్ళు, ఏ పనీ లేకుండా కూర్చున్నవాళ్ళు. క్లాసు అయిపోయినా గదిలోకి పరుగెత్తాలన్న తొందర ఎవరిలోనూ కనబడలేదు. రాత్రి ఎడారి చల్లబడ్డాక ఆ అడుగంతస్తు పగలు కూడబెట్టుకున్న వేడిని నెమ్మదిగా వదిలేసి మర్నాటికి సిద్ధమవుతుంది.

పైకప్పు మీద ఇంకో సంగతి ఉంది. మట్టికుండలను పక్కపక్కనే బోర్లించి, మధ్య సందులు ఇసుకతో, ఇటుక ముక్కలతో నింపి, పైన పలచగా కాంక్రీటు పోశారు. కుండల్లో చిక్కుకున్న గాలి వేడిని కిందికి దిగనివ్వదు. ఈ పద్ధతి అక్కడి పల్లెల్లో పాతదే. మా రాయలసీమ మట్టిమిద్దెల మీద చౌడుమట్టి మందంగా పరిచి తొక్కేవాళ్ళు, వేడికీ వానకూ అదే అడ్డు. గవాచిలోంచి పడే వెలుగులో మధ్యాహ్నం నిద్ర ఎంత హాయిగా పట్టేదో ఆ మిద్దెల్లో పెరిగినవాళ్ళకు తెలుసు. ఆ మిద్దెలన్నీ కూలగొట్టి కాంక్రీటు స్లాబులు వేసుకున్నాం. స్లాబు కింద ఏసీ పెట్టుకున్నాం. ఏసీ గదిలోని వేడిని తీసి వీధిలో పోస్తుంది. ఇంటికైతే అది పక్కింటివాళ్ళ బాధ. క్యాంపస్‌కైతే తన వేడి తన పిల్లల మీదే పడుతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళవాళ్ళు సగం చదువు నేర్చుకునేది గదికీ గదికీ మధ్య. ఆ మధ్య చోటును నిప్పులగుండం చేసి, గదుల్ని మాత్రం చల్లబరిచి, దాన్ని వసతి అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కూకస్ మడుగు చేసే పని ఎండుగాలి ఉన్న చోటే సాగుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, చల్లదనమూ రాదు. వానలు మొదలయ్యాక రాజస్థాన్‌లోనే కూలర్లు చేతులెత్తేస్తాయి. మచిలీపట్నంలోనో కాకినాడలోనో ఇలాంటి మడుగు కడితే దోమలు తప్ప ఏమీ మిగలవు. అక్కడ కావలసింది గాలి దూసుకుపోయే ఎత్తైన వసారాలు. అనంతపురం మార్చి, ఏప్రిల్ ఎండలకు మాత్రం ఇది పనికొచ్చే విద్యే.

జోధ్‌పూర్ వెళుతూ కిషన్‌గఢ్ దగ్గర హైవే దిగి తిలోనియాకు తిరిగాను. బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన సంస్థ ఉన్న ఊరు అది. బేర్‌ఫుట్ కాలేజీ అంటే ఇప్పుడు లోకమంతా ఎరుగును. మొదట్లో పాడుబడిన క్షయ ఆసుపత్రిలో నడిచింది. తర్వాత 1986, 1989 మధ్య కొత్త క్యాంపస్ కట్టుకున్నారు. కట్టించింది భంవర్ జాట్ అనే రైతు. చదవడం, రాయడం రానివాడు. ఊరి మేస్త్రీలు ఆయనతో కలిసి పనిచేశారు. అక్కడ కలప దొరకదు. అందుకని పాత ఎడ్లబండ్ల, ట్రాక్టర్ల, పంపుసెట్ల ఇనుప ముక్కలు ఏరి, వాటితో గుమ్మటాల చట్రాలు అతికారు. పైకప్పులు కారకుండా ఆడవాళ్ళు బెల్లం, మినుములు కలిపిన పూత పూశారు. డంగు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం పోసిన మన పాత మేస్త్రీలు వింటే ఆశ్చర్యపోరు. కప్పుల మీద పడిన ప్రతి చినుకూ గొట్టాల గుండా భూమిలోని ట్యాంకులోకి చేరుతుంది. దానిలో 4,00,000 లీటర్లు పడతాయి. ట్యాంకు మీది చదునే వాళ్ళ నాటకాలకు, సభలకు వేదిక.

ఈ క్యాంపస్‌కు 2001లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. దీనికి రూపకర్త ఎవరు, చదువుకున్న ఆర్కిటెక్టా, ఊరి మేస్త్రీలా అన్న వివాదం రేగింది. మరుసటి ఏడాది సంస్థ పురస్కారాన్నే తిరిగి ఇచ్చేసింది. ఎవరి వాదం ఎంత నిజమో నేను తీర్పు చెప్పను. కానీ ఆ ముంగిట్లో, వేపచెట్టు నీడ గోడ మీదికి వచ్చేలా వంచి కట్టిన అరుగు మీద కూర్చుంటే ఒకటి తెలిసింది. ఆ అరుగు ఎక్కడ ఉండాలో నిర్ణయించినవాళ్ళు అక్కడ ఎన్నో ఎండాకాలాలు గడిపినవాళ్ళు.

జోధ్‌పూర్ ఐఐటీది మరో దారి. 2008లో మొదలైన ఆ సంస్థ 2017లో నాగౌర్ రోడ్డు మీది సొంత స్థలంలోకి మారింది. 852 ఎకరాలు. చుట్టూ చూస్తే ఎండిన నేల, ముళ్ళపొదలు, ఆకాశం. అక్కడి శత్రువు ఎండ ఒక్కటే కాదు, పడమటి నుంచి ఇసుకను మోసుకొచ్చే వడగాలి కూడా. దానికి అడ్డుగా పెద్ద పెద్ద మట్టిగట్లు పోశారు. గాలి గట్టును గుద్దుకుని పైకి లేచి, వెనకాల ఉన్న భవనాలను దాటి పోతుంది. బరువైన ఇసుక గట్టు అవతలే రాలిపోతుంది. నాకు దారి చూపించింది అక్కడ చదువుతున్న మన కర్నూలు కుర్రాడు. "సార్, గాలిదుమారం వచ్చిన రోజు గట్టు మీద నిలబడితే పంటి కింద ఇసుక కరకరలాడతాది. కిందికి దిగితే మామూలుగా మాట్లాడుకోవచ్చు" అన్నాడు. గట్టు ఎక్కి దిగి చూశాను. ఆ రోజు దుమారం లేదు, మామూలు గాలే. అయినా తేడా చెవులకు తెలిసింది.

ఇంత పెద్ద స్థలం దొరికినప్పుడు ఎక్కడైనా ఒక చిక్కు వస్తుంది. విశాలంగా కట్టాలన్న మోజులో భవనానికీ భవనానికీ మధ్య దూరం పెరుగుతుంది. పచ్చిక ఉన్న దేశాల్లో ఆ దూరం అందం. ఎడారిలో అది శిక్ష. గట్టు గాలిని ఆపుతుంది కానీ నడినెత్తి మీది ఎండను ఆపలేదు. దానికి చెట్టే కావాలి. ఏ చెట్టు అంటే అక్కడి రైతును అడగనక్కర్లేదు, పొలాల్లోకి చూస్తే చాలు. ఖేజ్రీ. మన జమ్మిచెట్టే అది. దసరా నాడు మనం పూజ చేసే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కూ అదే రాష్ట్ర వృక్షం. వేళ్ళు చాలా లోతుకు దిగుతాయి కాబట్టి పైన తడి లేకపోయినా ఎండల్లో పచ్చగా ఉంటుంది. ఆకు పశువులకు మేత, కాయ మనుషులకు కూర. దాని నీడ మరీ చిక్కనిది కాదు కనుక కింద సజ్జలు కూడా పండుతాయి. జోధ్‌పూర్‌కు దగ్గర్లోని ఖేజడ్లీ గ్రామంలో 1730లో రాజు మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. జోధ్‌పూర్‌లోనే 1959 నుంచి కేంద్ర ఎడారి వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. ఇసుక కదలకుండా తిన్నెలను చెట్లతో, గడ్డితో ఎలా కట్టేయాలో ఆ సంస్థ ఏళ్ళ తరబడి పనిచేసి చూపింది. ఇంత తెలివి ఊళ్ళోనే ఉన్నప్పుడు ఎడారి క్యాంపస్ కట్టేవాళ్ళు పునాది కంటే ముందు చెట్లు నాటాలి. జమ్మి నిదానంగా పెరుగుతుంది. భవనం పూర్తయ్యాక నాటితే మొదటి కొన్ని బ్యాచ్‌ల పిల్లలకు నీడ అందదు.

పోఖరణ్ మీదుగా జైసల్మేర్ చేరేసరికి పొద్దు వాలుతోంది. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోటలో ఈనాటికీ జనం కాపురం ఉంటున్నారు. నేను చూడదలచుకున్నది కోట బురుజులను కాదు, సందులను. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తప్పుకోవాల్సినంత ఇరుకు. రెండు వైపులా పసుపుపచ్చ ఇసుకరాయి ఇళ్ళు, పై అంతస్తుల్లో చెక్కిన జాలీ బాల్కనీలు వీధి మీదికి ముందుకు వచ్చి ఉంటాయి. ఆ ఇరుకుకు కారణం స్థలం లేకపోవడం ఒక్కటే కాదు. ఎండ ఆ సందు అడుగుకు చేరేది ఏ కాసేపో. ఒక ఇల్లు ఎదుటి ఇంటికి నీడ ఇస్తుంది. అంటే నీడ ఎవరి సొంతమూ కాదు, వీధి మొత్తానిది. ఆధునిక పట్టణ నిబంధనల్లో ఈ ఊరు ఇవాళ కట్టడానికి అనుమతి దొరకదేమో! సెట్‌బ్యాక్ వదలలేదని ఆపేస్తారు.

అదే కోట ఇంకో పాఠం కూడా చెప్పింది. కొళాయిలు వచ్చి నీటి వాడకం పెరిగింది, దానికి తగ్గ కాలువలు లేకపోయాయి. వాడిన నీరు కొండలోకి ఇంకి పునాదులు మెత్తబడ్డాయి, గోడలు, బురుజులు కొన్ని కూలాయి. 1996లో ప్రపంచ స్మారక నిధి ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. చుక్క నీటికి లెక్క చూసుకున్న ఊరికి, నీళ్ళు ఎక్కువై ముప్పు వచ్చింది. కూకస్‌లో మురుగునీటిని మడుగులోకి మళ్ళించిన పని విలువ నాకు ఇక్కడ ఇంకా బాగా అర్థమైంది.

మర్నాడు సమ్ తిన్నెల వైపు. గాలిమరలు దాటాక, ఇసుక రోడ్డు మీదికి ఎగిరే చోట, కానోయీ గ్రామం. దాని పక్కన రాజకుమారి రత్నావతి బాలికల పాఠశాల. 2021లో తెరిచారు. మైకేల్ డాబ్ స్థాపించిన సిట్టా అనే స్వచ్ఛంద సంస్థ కట్టించింది. న్యూయార్క్ ఆర్కిటెక్టు డయానా కెలాగ్ రూపమిచ్చింది. కిండర్‌గార్టెన్ నుంచి పదో తరగతి దాకా 400 మంది ఆడపిల్లల కోసం. డిజైనర్ సబ్యసాచి రూపొందించిన యూనిఫారాల గురించి పత్రికల్లో చాలా రాశారు. కట్టడం అంతకన్నా చెప్పుకోదగ్గది.

దూరం నుంచి చూస్తే ఇసుకలోంచే లేచిన గుడ్డు ఆకారపు గోడ. రంగు ఇసుకదే. రాయి జైసల్మేర్‌దే, చేత్తో చెక్కినదే. చెక్కిన పనివాళ్ళలో చాలామంది ఆ బడిలో చేరే పిల్లల తండ్రులు. లోపలికి అడుగుపెడితే నడుమ కోడిగుడ్డు వాలు ముంగిలి, చుట్టూ తరగతి గదులు. మూలలు లేకపోవడంతో గాలి ఎక్కడా ఆగిపోకుండా గోడను రాసుకుంటూ తిరుగుతుంది. జాలీ కన్నాల్లో దూరేటప్పుడు అది వేగం పుంజుకుంటుంది. పొద్దు నడినెత్తి మీద లేనప్పుడు ఎండ ముంగిలిలో కొంత భాగాన్ని వదిలేస్తుంది. పొద్దున తూర్పు గోడ పక్కన నీడ, సాయంత్రం పడమటి గోడ పక్కన. పిల్లలు నీడ వెంబడి జరుగుతారు. గదుల లోపలి గోడలకు సున్నపు గచ్చు. సిమెంటులా కాకుండా అది తేమను పీల్చుకుని వదలగలదు. కప్పు మీద ఫ్యాక్టరీలు పారేసిన పింగాణీ టైల్స్ ముక్కలు పరిచారు, ఎండను వెనక్కి కొట్టడానికి. దాని మీద ఇనుప చట్రాలెత్తి సోలార్ పలకలు బిగించారు. కరెంటు అవే ఇస్తాయి, కప్పుకు నీడా అవే. ఆ చట్రాలకే పిల్లలు ఎక్కి దిగే ఆటల ఏర్పాట్లు కూడా అమర్చారు. ఏసీ ఎక్కడా లేదు. వాన పడితే నీళ్ళు ఒడిసి దాచుకునే ఏర్పాటు ఉంది.

రెండు గంటలకు నేను ముంగిలిలో ఉన్నాను. నీడ ఉన్న వైపు గోడకు చేరగిలబడి కూర్చున్న పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా చదువుతున్నారు. ఆ గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది, కాలడం లేదు. ఆడపిల్లను చిన్న వయసుకే ఇంట్లో కూర్చోబెట్టే అలవాటు పోని ప్రాంతం అది. వాళ్ళ కోసం కట్టిన బడి కోటలా చుట్టూ మూసుకుని, లోపల ఆకాశానికి తెరుచుకుని ఉండడం నాకు చాలా నచ్చింది. బయటివాళ్ళ చూపు పడదు, పిల్లలు మాత్రం బిగ్గరగా నవ్వుకోవచ్చు. దీని పక్కన తల్లుల చేతిపనుల కోసం ఒక కేంద్రం, ప్రదర్శనలకు ఒక మందిరం కట్టాలని కూడా మొదటి నుంచీ సంకల్పం.

ఇది దాతల డబ్బుతో, పేరున్న ఆర్కిటెక్టు శ్రద్ధతో వచ్చిన బడి. మామూలు సర్కారు బడికి ఇదంతా ఎక్కడ కుదురుతుందని ఎవరైనా అడుగుతారు. నాకూ ఆ సందేహం ఉంది. జైసల్మేర్ తిరిగి వస్తూ ఊరి చివర రాళ్ళు కోసే అడ్డా దగ్గర ఆగాను. రాతిపొడిలో నిండా మునిగిన పెద్దాయనను నాకు వచ్చిన హిందీలో అడిగాను. జాలీలు చెక్కే డబ్బు లేదు, గుడ్డు ఆకారం వద్దు, మామూలు నాలుగు గదుల బడి, మీరైతే ఎలా కడతారని. ఆయన సుత్తి పక్కన పెట్టి వరసగా చెప్పాడు. పడమటి గోడకు కిటికీ పెట్టనన్నాడు. ఆ గోడ రెండు పొరలుగా కట్టి మధ్యలో జానెడు ఖాళీ వదులుతానన్నాడు. సామాన్ల గది, మెట్లు ఆ వైపుకే తోసేస్తానన్నాడు. గదులు ఉత్తరానికి తెరిచి, దక్షిణాన ఎనిమిదడుగుల వసారా దించుతానన్నాడు. కప్పుకు రాతిపలకలు, వాటి మీద సున్నం, పగిలిన తెల్ల టైల్స్. కప్పు నీళ్ళు దిగడానికి ముంగిట్లో ఒక టాంకా, అంటే నేలలోని నీటి తొట్టి. అన్నీ చెప్పి, ఇంత దూరం వచ్చి అడుగుతున్నావు, మీ ఊళ్ళో రాయి లేదా అని అడిగాడు. కడప బండ ఉంది, తాడిపత్రి బండ ఉంది అన్నాను. నలుపా అన్నాడు. నలుపే అన్నాను. అయితే కప్పు మీద వద్దు, కింద పరుచుకోండి, కప్పు మాత్రం తెల్లగా ఉండాలి అని చెప్పి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.